ఒకరి కీర్తి, పలువురి శ్రమ

లాలాగూడ రైలు కర్మాగారమున నొక్క బండి సిద్ధమగుట కెందఱి చేతులు కావలెనో మనవా రెఱుఁగుదురు. వైద్యపరిశోధనయు నట్టిదే.

ఇచటికిఁ జేరువనున్న బేగంపేట సైనికవైద్యశాలలో 1897 ఆగస్టు 20వ తేదిని రొనాల్డ్ రాస్ దోమకడుపులో మలేరియా క్రిమిని గనుఁగొనెను. 1902లో నోబెల్ బహుమానము నందెను. దోమపిల్లలను వెదకి తెచ్చిన సేవకులకుఁ గీర్తి రాలేదు. దోమ కొక్క యణా చొప్పునఁ గైకొని కాటునకు దేహ మొప్పగించిన రోగి హుసేన్ ఖాన్ పేరు మాత్రము నిలిచినది.

పిమ్మట నా భవనము ఉస్మానియా విశ్వవిద్యాలయపుఁ బరిశోధనాలయ మయ్యెను. ఇట్టి సంస్థలలో నాచార్యుఁడు మార్గముఁ జూపును. వైద్యుఁడు రోగిని గాపాడును. సహాయకుఁడు రక్తమును బరీక్షించును. లేఖకుఁడు లెక్క వ్రాయును. ఒకని పని తప్పిన నందఱి శ్రమయు వ్యర్థము.

సోదరులారా! మన బిడ్డలు పీఠమునే కాక యీ పనులన్నిటిని గౌరవముతోఁ జేపట్టుదురు గాక!