మెట్ల పేరు పెట్టుకున్న రాయి

‘ట్రాప్‌లో పడ్డాడు’ అంటే మనకు గుర్తొచ్చేవి వల, బోను. పాఠంలో ‘దక్కన్ ట్రాప్స్’ అని చదివిన పిల్లవాడు, ఇంతకీ ఇందులో చిక్కిందెవరని అడిగితే తప్పు వాడిది కాదు. ఈ ట్రాప్‌కీ ఆ బోనుకీ సంబంధం లేదు. స్వీడిష్‌లో ‘ట్రప్పా’ అంటే మెట్లు. నల్లరాతి కొండల అంచులు అరుగు మీద అరుగుగా దిగివస్తుంటే చూసి, 18వ శతాబ్దపు స్వీడన్ ఖనిజ శాస్త్రజ్ఞులు ఆ రాతిని అలా పిలిచారు.

రాయిలో ఏముందో, ఎలా పుట్టిందో ఈ పేరు చెప్పదు. కొండ కంటికెలా కనిపిస్తుందో చెప్పి ఊరుకుంటుంది. అదే దానికి కలిసొచ్చింది. ఆ రోజుల్లో నల్లరాతి పుట్టుక మీద యూరప్‌లో పెద్ద తగవు నడిచింది. ఫ్రాన్స్‌లోని ఓవెర్న్ కొండల్లో బసాల్ట్ అనే ఈ నల్లరాతి స్తంభాలు పాత లావా ప్రవాహాల్లో భాగమేనని 1763లో నికొలా దెమరే గమనించాడు. జర్మనీలోని ఫ్రైబెర్గ్ గనుల విద్యాలయంలో పాఠాలు చెప్పే వెర్నర్ మాత్రం ఒప్పుకోలేదు. ఆదిమ సముద్రంలో పేరుకుని గట్టిపడిందే బసాల్ట్ అన్నాడు. నీటివాదులు ఒకవైపు, నిప్పువాదులు మరోవైపు. ‘లావా’ అన్నవాడు ఒక పక్షాన చేరినట్టే. ‘ట్రాప్’ అన్నవాడికి ఆ చిక్కు లేదు. దాంతో సన్నని రేణువుల నల్లరాయి ఏది కనబడినా ఒకే గాటన కట్టేశారు. శాస్త్రానికి అది బద్ధకమే, వాడుకకు మహా సుఖం.

1830లలో బ్రిటిష్ సైనికాధికారి కల్నల్ సైక్స్ దక్కన్ రాళ్ల గురించి రాస్తూ ఈ మాటే వాడాడు. నిజానికి స్వీడన్ కంటే సహ్యాద్రికే అది బాగా నప్పింది. దాదాపు 6.6 కోట్ల ఏళ్ల కిందట లావా విడతలు విడతలుగా పొంగి, పొర మీద పొరగా పరుచుకుంది. గట్టి పొర నిలువు గోడలా నిలిచింది, మెత్తని పొర అరిగి అరుగయింది. ఇప్పటికీ సుమారు 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర ఈ రాయే. అజంతా, ఎల్లోరా గుహలను తొలిచింది దీన్నే.

మనవైపు వికారాబాద్, ఆదిలాబాద్ ప్రాంతాల్లో దీని అంచులున్నాయి. అసలు వింత గోదావరి ఒడ్డున ఉంది. రాజమండ్రి దగ్గర కాతేరులోనూ, అవతలి గట్టున పంగిడి, గౌరీపట్నం వైపూ ఇదే నల్లరాయి కనిపిస్తుంది. పడమటి కనుమల నుంచి నదీలోయల వెంట సుమారు 1000 కిలోమీటర్లు పారి వచ్చిన లావా ఇదని పరిశోధకుల లెక్క. రెండు ప్రవాహాల నడుమ గవ్వలున్న సున్నపురాతి పొర ఒకటుంది. ఆ గవ్వలను 1860లోనే క్రైస్తవ మిషనరీ హిస్లప్ వర్ణించాడు.

క్వారీలో ట్రాప్ అంటే ఎవరికీ పట్టదు. అక్కడది నల్లరాయి, పగిలితే కంకర. ఆ రాయి శిథిలమై నేలయిన చోట తెలుగుదే పైచేయి: మన ‘రేగడి’ని ‘రేగూర్’గా మార్చుకుని ఇంగ్లీషు నేలశాస్త్రం వాడుకుంది.

ఇప్పటి భూగర్భ శాస్త్రజ్ఞులు రాతిని బసాల్ట్ అనే రాస్తారు. ట్రాప్ అన్నది దక్కన్, రాజమండ్రి, సైబీరియా వంటి చోట్ల పేర్లలో మిగిలింది. పేరుతోపాటు ఆనవాలూ మిగలాలంటే, గౌరీపట్నం వైపు ఆ గవ్వల పొరను ఒక్కచోటైనా క్రషర్‌కు పోకుండా కంచె వేసి కాపాడాలి.