ఉప్పల్ దారిలో వేట మూటలు: మోసింది ఎవరు, అనుమానం ఎవరి మీద



పోస్టు పొడుగుంటది, తీరికున్నప్పుడు చదవండి. మేము ఏటూరునాగారం, తాడ్వాయి వైపు నుంచి వచ్చి నాచారంలో హాస్టల్‌లో ఉండి డిగ్రీ చదువుతున్నవాళ్లం. మా ఇండ్లల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. పోయిన ఎండాకాలం భూమి పండుగకు ఊరికి పోయి వచ్చినప్పుడు జరిగిన ఒక సంగతితో ఈ చరిత్ర వెతకడం మొదలైంది.

మాలో ఒకడు ఇంటి నుంచి ఒట్టితునకలు తెచ్చిండు. పండుగకు కోసిన మేకవి. వాళ్ల నాయనమ్మ ఉప్పు, పసుపు పట్టించి, దండెం మీద ఎండేసి, మోదుగాకుల్లో చుట్టి, పైన పాత చీర ముక్కతో మూట కట్టి ఇచ్చింది. ఉప్పల్‌లో బస్సు దిగి హాస్టల్‌కు వచ్చి మూట విప్పినమో లేదో, పక్క గది పిల్లగాడు ఫోటో తీసి "అడవోళ్లు జింకను తెచ్చిన్రు" అని క్లాసు గ్రూపులో పెట్టిండు. వాడు నవ్వులాటకే పెట్టిండు. కానీ సాయంత్రానికి ఒక పెద్దమనిషి మమ్మల్ని పిలిచి ఇది ఏం మాంసం, ఎక్కడ చంపిన్రు, ఎవరు చంపిన్రు అని గంటసేపు అడిగిండు. మేక అంటే నమ్మలేదు. పోలీసుల మాట కూడా ఎత్తిండు. మూట అట్లనే కట్టేసి మంచం కింద పెట్టినం.

ఆ రాత్రి ఎవరికీ నిద్ర పట్టలేదు. ఊర్లో కోసిన మేకకు రసీదు ఉండదు గదా. అప్పుడు మాకొక ప్రశ్న పుట్టింది. పట్నం నుంచి అడవికి వేట సామాన్లు, అడవి నుంచి పట్నానికి వేటాడిన జంతువులు ఈ దారిలో నిజంగా పోయినయా? పోతే ఎవరివి? లైబ్రరీలో చదివి, సార్లను అడిగి, ఊర్లో తాతలతో మాట్లాడి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నం.

ముందు దారి గురించి. మనం ఉప్పల్‌లో బస్సెక్కే రోడ్డు ఇప్పుడు నేషనల్ హైవే 163. ఘట్‌కేసర్, భువనగిరి, జనగామ, హన్మకొండ, ములుగు, ఏటూరునాగారం దాటి, గోదావరి అవతల ఛత్తీస్‌గఢ్‌లోని భూపాలపట్నం దాకా పోతది. రైలు పట్టా కూడా అదే దిక్కు. సికింద్రాబాద్ నుంచి మౌలాలి, ఘట్‌కేసర్ మీదుగా కాజీపేట, అక్కడి నుంచి నెక్కొండ, డోర్నకల్. రాత్రి పూట మా హాస్టల్ మేడ మీద పడుకుంటే మౌలాలి దిక్కు నుంచి రైలు కూత వినిపిస్తది. నిజాం రైల్వే ఈ లైనును 1889 నాటికి బెజవాడ దాకా వేసింది. బొగ్గు కోసం, సరుకు కోసం వేసిన లైనే, కానీ షికారు చేసే దొరలకు కూడా అది పెద్ద సౌకర్యం అయింది. అంతకుముందు ఎడ్లబండ్ల మీద రోజుల తరబడి పోవాల్సిన అడవి, రైలుతో ఒక రాత్రి దూరమైంది.

ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ 1869 నుంచి 1911 దాకా ఏలిండు. పులుల వేటకు పేరున్న మనిషి. దేశం బయటి దొరలు ఎవరు అతిథులుగా వచ్చినా వేట చూపించాల్సిందే. 1902లో వైస్రాయి లార్డ్ కర్జన్ నెక్కొండ దగ్గర పులిని కొట్టిండు. రాజా దీన్‌దయాళ్ స్టూడియో తీసిన ఆ ఫోటో ఇప్పటికీ పుస్తకాల్లో కనబడుతది. వైస్రాయి, ఆయన భార్య, ముందర నేల మీద పులి. మేము ఆ ఫోటోను ఫోన్‌లో పెద్దగా చేసి చేసి చూసినం. పులిని అక్కడికి మోసుకొచ్చిన చేతులు కనబడతయేమో అని.

ఎందుకంటే పెద్ద మగ పులి రెండు క్వింటాళ్ల దాకా తూగుతది. చచ్చిన చోట నుంచి బంగళా దాకా బొంగులకు కట్టి మోయాలంటే ఎనిమిది మంది చాలరు, పది పన్నెండు మంది భుజాలు మార్చుకుంటూ నడవాలె. అది తిరుగు ప్రయాణం. పోయేటప్పటి లెక్క ఇంకా పెద్దది. డేరాలు, మంచాలు, కుర్చీలు, బల్లలు, వంట పాత్రలు, రైఫిళ్లు, తూటాల పెట్టెలు, మంచె కట్టే సామాను, ఎరకు కట్టేసే దున్నపోతు దూడలు. రైలు వీటిని స్టేషన్ దాకా తెస్తది, బండి బాట ఉన్నంత దూరం బండ్లు లాగుతయి. ఆ తర్వాత మనుషుల నెత్తులే. చుట్టుపక్కల ఊర్ల వాళ్లను పిలిపించి మోయించేవాళ్లు. అది వెట్టి. మోసుడు అయిపోయినంక హాకా. డప్పులు, రేకు డబ్బాలు కొట్టుకుంటూ, అరుచుకుంటూ, పులిని మంచె మీద కూర్చున్న దొర ముందుకు తోలాలె. చేతిలో తుపాకి లేనోడు పులికి ఎదురు నడవాలె, తుపాకి ఉన్నోడు చెట్టు మీద కూర్చుంటడు. ఈ మాట మేము చెప్పినప్పుడు మా తాత ఒకాయన నవ్విండు. "పులికి తెల్వదారా ఎవడు దొరో" అన్నడు.

గిరిజనుల దగ్గర వెట్టి ఎట్లుండెనో హైమండార్ఫ్ రాసిన పుస్తకాల్లో ఉంది. కొండరెడ్ల మీద ఆయన పుస్తకం 1945లో అచ్చయింది, చెంచుల మీద 1943లో. వాటిలో షికారు గురించి తక్కువే, కలప కాంట్రాక్టర్ల గురించి ఎక్కువ. అయినా మూట మోసిన భుజం ఒకటే.

వేటాడింది ఎక్కడికి పోయింది? మాంసం కాదు, తోలు, తలకాయ పోయినయి. మాకు అర్థమైన అసలు సంగతి ఇదే, కాబట్టి కొంచెం ఎక్కువ రాస్తం. మాంసం మన ఎండకు ఒక్క పూటలో వాసన కొడుతది. తోలు అట్ల కాదు. వెంటనే ఒలిచి, కొవ్వు గీకి, ఉప్పు దట్టించి, నీడలో ఆరబెడితే మడత పెట్టి ఎంత దూరమైనా పంపొచ్చు. అట్ల దేశం నలుమూలల నుంచి తోళ్లు మైసూరులోని వాన్ ఇంగెన్ కంపెనీకి పోయేవి. అక్కడ వాటిని కాగితం గుజ్జుతో చేసిన బొమ్మల మీద తొడిగి, గాజు కండ్లు పెట్టి, బతికున్న పులి లెక్క చేసి పంపేవాళ్లు. ఆ కంపెనీ 1999 దాకా ఉంది.

ఇంకా దూరం పోయినవి కూడా ఉన్నయి. 1893లో ఆస్ట్రియా యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్ ఓడ మీద ప్రపంచ యాత్రకు వచ్చి, హైదరాబాద్‌లో నిజాం అతిథిగా ఉండి వేటాడిండు. 1914లో సరయేవోలో ఈయన హత్యతోనే మొదటి ప్రపంచ యుద్ధం రాజుకుంది, పదో తరగతిలో మనం చదువుకున్నం. ఆయన జీవితంలో చంపిన జంతువుల లెక్క రాసుకునేవాడు. అది రెండు లక్షల డెబ్బై వేలు దాటింది. తోళ్లు బాగుచేసే పనివాణ్ణి ఆ యాత్రలో వెంటనే తిప్పుకున్నడు. చెక్ దేశంలో కొనోపిష్టె అనే ఆయన కోటలో గోడల నిండా కొమ్ములు, తలకాయలు ఇప్పటికీ ఉన్నయట, టికెట్ కొని చూస్తరు. చదువుకోని మన ముత్తాతల మీద "అడవిని తిన్నోళ్లు" అని రాసినోళ్లు ఈ లెక్క పక్కన పెట్టుకుని రాస్తే బాగుండు.

ఇప్పుడు మన వేట. మా తాతలు చెప్పింది చెప్పినట్టు రాస్తున్నం, మీ ఊర్లో తేడా ఉంటే కామెంట్‌లో రాయండి. విజ్జ పండుంకు, అంటే విత్తనాల పండుగకు, మగవాళ్లంతా కలిసి అడవికి పోయేవాళ్లు. సామాను ఏందంటే విల్లు, బాణాలు, బల్లెం, గొడ్డలి, కొందరి దగ్గర వల, ఒక సొరకాయ బుర్రలో నీళ్లు, అంబలి. ఎవరి సామాను వాళ్ల భుజం మీదే. ఇంకొకరి సామాను మోసే పద్ధతి లేదు. రెండు మూడు రోజులు తిరిగేవాళ్లు. ఏమీ దొరకకుండా వస్తే ఆడవాళ్లు పేడనీళ్లు చల్లి ఆటపట్టించేవాళ్లు.

దొరికితే నాలుగు కాళ్లు కట్టి, బొంగు దూర్చి ఇద్దరు మోసేవాళ్లు. ఊరు దగ్గరైతే అట్లనే తెచ్చేవాళ్లు, దూరమైతే వాగు ఒడ్డున కోసి అడ్డాకుల్లో కట్టి కావడిలో వేసేవాళ్లు. మరీ దూరమైతే పచ్చి కర్రలతో చిన్న మంచె కట్టి కింద పొగ పెట్టి సగం ఆరనిచ్చి తెచ్చేవాళ్లు. ఊర్లోకి వచ్చినంక వాటాలు. మొదటి బాణం వేసినోడికి ఒక వాటా, తలపతికి ఒకటి, కుక్కకు కూడా. ముసలమ్మ ఒక్కతే ఉన్న ఇంటికి, వేటకు రానోళ్ల ఇంటికి కూడా పోయేది. నిల్వ చేసే పెట్టె లేదు, అమ్మే సంత లేదు. కుళ్లిపోయే దాన్ని పంచుకుంటేనే లాభం, రేపు నా వాటా నీ దగ్గర ఉంటది. దొరల వేటలో వాటాలు లేకపోవడానికి కారణం కూడా ఇదే అనిపించింది. తలకాయను ఎట్ల పంచుతరు?

తర్వాత కాలం తొందరగా మారింది. పాకాల, ఏటూరునాగారం 1950ల మొదట్లో అభయారణ్యాలు అయినయి. నిజాంల షికార్‌గాహ్‌గా ఉన్న వనస్థలిపురం అడవి 1975లో మహావీర్ హరిణ వనస్థలి అయింది. ఉప్పల్ నుంచి ఎల్బీనగర్ దాటి పోతే కనబడేది అదే. రాజు ఒక్కడు వేటాడే చోటు జింకల పార్కు అయింది. మనం వేటాడే చోటు కూడా మూతపడ్డది. రెండు మూతలూ ఒకటి కావు.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదట్లో లైసెన్సు ఉన్నోళ్లకు వేట అనుమతి ఇచ్చింది. అంటే తుపాకి, పైసలు, ఆఫీసులో పలుకుబడి ఉన్నోళ్లకు. 1991 సవరణలో ఆ లైసెన్సులు కూడా తీసేసిన్రు. 2006 అటవీ హక్కుల చట్టంలో 3(1)(ఎల్) చదవండి. మన సంప్రదాయ హక్కులన్నీ ఇస్తూ, వేటాడే హక్కును మాత్రం పేరు పెట్టి తీసేసింది. దేశంలో మినహాయింపు ఒక్కటే, వన్యప్రాణి చట్టం సెక్షన్ 65లో నికోబార్ దీవుల గిరిజనులకు. మోసే విషయానికి వస్తే సెక్షన్ 39 చూడాలె. అడవి జంతువు, దాని మాంసం ప్రభుత్వ ఆస్తి. నేరానికి వాడిన బండి, ఆయుధం పట్టుబడితే అవి కూడా. సెక్షన్ 57 ఇంకా గట్టిది. నీ దగ్గర ఉన్నది వన్యప్రాణి మాంసం అని రుజువైతే, అది తప్పుగా రాలేదని చూపించే భారం నీదే.

ఇక్కడ మన తప్పు కూడా రాయాలె, లేకపోతే ఇది సగం చరిత్రే. ఇప్పుడు మన ఊర్లల్లో విల్లు తక్కువ, బైకు క్లచ్ వైరుతో చేసిన ఉచ్చులు, పందులకు పెట్టే కరెంటు తీగలు ఎక్కువ. ఆ తీగలకు మనుషులు కూడా చస్తున్నరు. రాత్రి బైకు మీద సంచిలో పోయే మాంసానికి వాటాలు లేవు, కిలో ధర ఉంది. కొనేది రోడ్డు వెంట ఉన్న దాబాలు, పట్నం నుంచి కార్లలో వచ్చేవాళ్లు. పట్టుబడేది మోసే పిల్లగాడు. దీన్ని సంప్రదాయం అని మేము అనలేం. తాతలు కూడా అనలేదు.

మళ్లీ మా మూట దగ్గరికి వస్తం. నాచారం నుంచి హబ్సిగూడ మీదుగా తార్నాకకు పోయే దారిలో సీసీఎంబీ ఉంది గదా, రోజూ దాని ముందు నుంచే మా కాలేజీ బస్సు పోతది. 2003లో అక్కడి శాస్త్రవేత్తలు సునీల్ కుమార్ వర్మ, లాల్జీ సింగ్ ఒక పద్ధతి ప్రచురించిన్రు. మాంసం ముక్క నుంచి సైటోక్రోమ్ బి అనే జన్యువులో చిన్న భాగాన్ని చదివి, అది ఏ జంతువుదో చెప్పొచ్చు. ఎండినా, తోలు ఒలిచి గుర్తు పట్టలేకుండా చేసినా సరే. దేశంలో పట్టుబడిన మాంసం నమూనాలు పరీక్షకు హైదరాబాద్‌కు వస్తయి. అంటే అడవి నుంచి ఈ రోడ్డు మీద వచ్చే మాంసానికి చివరి స్టేషన్ ఇక్కడే. మాకు ముందు భయం వేసింది. తర్వాత ఒక అక్క, బయోటెక్నాలజీ చదువుతది, ఒక మాట చెప్పింది. "ఆ పరీక్ష జింకను జింక అని చెప్తది, మేకను మేక అని కూడా చెప్తది గదరా. మీకెందుకు భయం?"

తెల్లారి ఆ పెద్దమనిషి దగ్గరికి మేమే పోయినం. మూట ఆయన బల్ల మీద పెట్టి, సార్ అనుమానం ఉంటే పరీక్షకు పంపండి, రిపోర్టు వచ్చేదాకా మేము ముట్టుకోం, కానీ పంపినట్టు కాగితం రాసివ్వండి అని అడిగినం. ఆయన కాసేపు మూట దిక్కు, మా దిక్కు చూసి, తీసుకపోండి అన్నడు. సారీ అనలేదు. ఫోటో పెట్టిన పిల్లగాడు మాత్రం ఆ రాత్రి పళ్లెం పట్టుకుని వచ్చిండు. చింతపులుసులో వండినం. పన్నెండు మందికి తలా మూడు ముక్కలు వచ్చినయి.

నాయనమ్మకు ఫోన్ చేస్తే జరిగిందంతా విని, "మీ గదిలో వాళ్లందరికీ వచ్చినయా?" అని అడిగింది.