ఢిల్లీ వజీరైన ఓరుగల్లు మనిషి

మంట దగ్గరికి జరుగుండ్రి, సలి గట్టిగున్నది. ఇయ్యాల రాజు ముచ్చట గాదు, రాజు కాడ కొలువు జేసినోని ముచ్చట.

ఓరుగల్లు ప్రతాపరుద్రుని కాడ గన్నమనాయకుడని పెద్ద సర్దారుండె. మారన అనే కవి మార్కండేయ పురాణం అంకితమిచ్చింది గాయనకే. 1323ల ఢిల్లీ దండొచ్చింది. ఎటెల్లి అనుకుంటున్రు? దేవగిరి దిక్కుకెల్లి, బీదర్, మన బోధన్ కోటలు పట్టుకుంట. బోధన్ దేవల్ మసీదుల తుగ్లకు కాలపు ఫార్సీ రాతలు ఇప్పటికీ ఉన్నయి. ఓరుగల్లు పడ్డది. రాజును ఢిల్లీకి తోలుకపోతుంటె నర్మద ఒడ్డున పానమిడిసిండు.

గన్నమ ఇస్లాం పుచ్చుకున్నడు. మాలిక్ మక్బూలైండు. ఇద్దరూ ఒక్కలే అని చరిత్ర రాసినోళ్లు చెప్తరు. మల్ల అదే ఓరుగల్లుకు సుల్తాను తరఫున పెత్తనానికొచ్చిండు. 1336 ప్రాంతంల కాపయనాయకుడు తరిమితే ఢిల్లీకి ఉరికిండు. తెలుగోన్ని తెలుగోడే ఎల్లగొట్టిండు. ఇంకొకడైతే గంతటితోనే మునుగు!

ఈయన మునగలే. ముల్తాన్ ఏలిండు. 1351ల ఫిరోజ్ షా ఢిల్లీ గద్దెనెక్కినంక ఖాన్-ఇ-జహాన్ బిరుదుతోటి వజీరైండు. సదువు రాదు, రాత రాదు. కానీ లెక్కల కాడ ఆయన కండ్లు గప్పుడు ఎవ్వనితోటి గాకపోవు.

ఓపాలి ఫిరోజ్ షా సింధు మీదికి దండెత్తి, దారి తప్పి కచ్ రణ్‌ల ఇరుక్కున్నడు. ఆర్నెల్లు జాడ లేదు. రాజు సచ్చిండని ఢిల్లీల గుసగుసలు. గద్దె ఖాళీ అని తెలిస్తె ఊకుంటరా? అప్పుడు మక్బూల్ ఏం జేసిండు? సుల్తాను కాడికెల్లి వచ్చినట్టు దొంగ ఉత్తరం పుట్టిచ్చి, మంచిగున్నడని ఊరంత సాటిచ్చిండు. అచ్చరం ముక్క రానోడు ఉత్తరం తోటే ఢిల్లీని కాపాడిండు, సూడుండ్రి! గద్దె మీద తానే కూసోవచ్చు. కూసోలే. అసలు సుల్తాను ఖాన్-ఇ-జహానే అని ఫిరోజ్ షానే అంటుండెనట.

1369 ప్రాంతంల కాలం జేసిండు. కొడుకు జౌనా షా కూడ వజీరై ఢిల్లీల ఖిడ్కీ మసీదు కట్టిచ్చిండు.

ద్రోహి అనేటోళ్లున్నరు. ఓరుగల్లు దిక్కుకెల్లి జూస్తె నాకూ గట్లనే అనిపిస్తది. కానీ ఫిరోజ్ షాకు మాత్రం ద్రోహం జేయలే. గది ఒప్పుకోవాలె.

మీలో ఎవరన్న కొలువుకో, సదువుకో ఢిల్లీ పోతె, నిజాముద్దీన్ బస్తీ సందులల్ల ఎనిమిది మూలల గోరీ ఒకటున్నది, ఇండ్ల నడుమ. ఢిల్లీల గసొంటిది కట్టుడు అదే మొదలు. అది మనోనిదే. ఒక్కసారి సూసి రాండ్రి.