చెన్నపురి ఎస్ప్లనేడు వీథి

శబ్దమునకు యోగార్థ మొకటి, రూఢ్యర్థ మొకటి యుండుట శాబ్దికులకు విదితము. చెన్నపురిలోని ఎస్ప్లనేడు అను వీథినామమునందు ఈ రెండును పరస్పరవిరుద్ధములై కన్పట్టును. కోటముంగిట కట్టడములు లేకుండ విడిచిన బయలు ఆ శబ్దమున కర్థము. ఆ పేరు వహించిన వీథియో అంగళ్లతోడను జనసమ్మర్దముతోడను నిండియున్నది. ఈ వైరుధ్యమునకు హేతువు చరిత్రమున గలదు.

1639లో దామెర్ల వేంకటాద్రి నాయకుడు ఈ తీరభూమిని ఆంగ్లవర్తకుల కొసంగెను. ఆయన తండ్రియగు చెన్నప్ప నాయకుని పేర చెన్నపట్టణ మేర్పడెను. కోట కుత్తరమున నేతగాండ్రును, అద్దకపువారును, వర్తకులును వసించు పేట పెరిగెను. చెన్నకేశవస్వామి యాలయ మందే యుండెను.

1746లో ఫ్రెంచివారు కోటను గైకొని, 1749 వరకు దానిని నిలుపుకొనిరి. కోట కంటియున్న యిండ్లను పడగొట్టుట వారే యారంభించిరి. కోట తిరిగి తమ వశమైన పిదప, పేట శత్రువులకు చాటు గాకుండవలెనని ఆంగ్లేయులే తక్కినదానిని నేలమట్టము గావించిరి. 1757లో ఆలయమును తొలగింపబడెను. అందులకు మారుగా మణలి ముత్తుకృష్ణ మొదలియారు పూనికతో దేవరాజ మొదలి వీథిచెంత చెన్నకేశవ చెన్నమల్లేశ్వరుల జంటగుడులు వెలసినవి. శూన్యమైన బయలునకు మేరగా 1773లో ఆరు స్తంభములు నాటబడెను. ఆ బయటి యంచుననే యీ వీథి యేర్పడినది.

కావుననే నేటికిని వీథికి ఉత్తరమున అంగళ్లు వరుసదీరియుండగా, దక్షిణమున విశాలమైన ఆవరణమునందు 1892లో ప్రారంభమైన ఉన్నత న్యాయస్థానము నిలిచియున్నది. ఉత్తరపు వరుసలో 1850లో తెరువబడిన పచ్చయప్ప సభాభవనమును, తూర్పుకొసను 1940 నాటి పారీవారి డేర్ హౌసును కలవు. 1854లో నెలకొనిన వావిళ్లవారి ముద్రణాలయము పిదప ఎస్ప్లనేడునుండియే సంస్కృతాంధ్రగ్రంథముల వెలువరించినది. అందుచే మన పాఠశాలలకు ఈ వీథిపేరు గ్రంథముల ముఖపత్రములమీదనే పరిచితము.

ఎస్ప్లనేడు, చీనాబజారు అను ప్రాతపేర్లకు బదులు ఈ మార్గము నేడు నేతాజీ సుభాసుచంద్రబోసు పేర వ్యవహృతమగుచున్నది. మహనీయుని పేరిడుట యుచితమే. కాని ప్రాతపేరుతో పాటు దాని యర్థమును మరుగుపడినచో, ఇండ్లు గోలుపోయిన ఆ తొలి పేటవారి కథయు మరుగుపడును. ఆరింట మిగిలిన స్తంభ మొక్కటియే. అదియు డేర్ హౌసు ప్రక్కను బాటసారుల కంటబడకున్నది. విద్యార్థులను చెన్నపురికి గొనిపోవు ఉపాధ్యాయులు కోటను జూపిన పిమ్మట ఆ రాతియొద్దను ఒకింతసేపు నిలుతురుగాక. కోట కట్టినవారి చరిత్రము గ్రంథములయందు గలదు. కోటకై తొలగింపబడినవారి చరిత్రమునకు ఆ రాయియే సాక్షి.