మంచె కింద వరాహం

తూర్పు చాళుక్యుల రాగి శాసనాల ముద్ర మీద వరాహం ఉంది. కాకతీయుల లాంఛనమూ వరాహమే. విజయనగర రాజులు దాని పక్కన కత్తిని, సూర్యచంద్రులను చేర్చి రాజముద్ర చేసుకున్నారు. వాళ్ల బంగారు నాణేన్ని జనం వరహా అనే పిలిచారు. శ్రీకాళహస్తిలో వేటగాడైన తిన్నడు శివుడికి పెట్టిన నైవేద్యం అడవిపంది మాంసమేనని కథ. రాజుకు చిహ్నం, వేటగాడికి ఆహారం. రైతుకు మాత్రం అది రాత్రిపూట చేలోకి దిగే మంద. ఆ రైతు చరిత్ర శాసనాల్లో కన్నా మంచెలోనే ఎక్కువ కనిపిస్తుంది.

నాలుగు గుంజలు పాతి, పైన కర్రలు పరిచి, తాటాకు కప్పితే మంచె. పగలు దాని మీద నుంచి వడిసెల తిప్పి పిట్టల్ని తోలేవారు. రాత్రి పని వేరు. కింద నెగడు, చేతిలో డప్పు, చేనుకూ చేనుకూ మధ్య కేకలు. ఒకరు కునికితే పక్క చేను వాళ్లు లేపేవారు.

కాపలా మనిషికి పంది నడత తెలిసి ఉండాలి. దానికి చూపు మందం, ముక్కు మాత్రం అమోఘం. గాలి మనిషి మీదుగా వీస్తే దూరం నుంచే పసిగడుతుంది. మందలో ఉండేవి ఆడపందులు, పిల్లలు. ఎదిగిన మగది ఎక్కువగా ఒంటరిగా తిరుగుతుంది. ఒంటి మీద చారలున్న పిల్లలు కనిపించాయంటే తల్లి దగ్గర్లోనే ఉన్నట్టు, అడ్డు తప్పుకోవాల్సిందే. ఆడపంది నాలుగు నెలల్లోపే ఈనుతుంది, ఒక్క ఈతలో నాలుగైదు పిల్లలు మామూలు. అందుకే ఒక ఏడు తరిమినా మరుసటి ఏటికి మంద మళ్లీ నిండుతుంది.

వేరుశనగ గింజ పట్టే రోజుల్లో ఈ మంద దిగితే ముట్టెతో సాలు వెంట మట్టి పెళ్లగించుకుంటూ పోతుంది. తెల్లారి చూస్తే మొక్కలు వేళ్లు పైకి తేలి వాడిపోయి ఉంటాయి. మొక్కజొన్న పాలకంకి మీదుంటే మరీ ఘోరం: కర్రను పడగొట్టి, కంకిని సగం కొరికి, పక్క కర్రకు పోతుంది. తిన్నదాని కన్నా తొక్కిందే ఎక్కువ.

నాటు తుపాకులు వచ్చాక కాపలా తీరు కొంత మారింది. 1959 ఆయుధాల చట్టం పంట రక్షణ కోసం నాటు తుపాకీకి లైసెన్సు ఇచ్చే వీలు ఉంచింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను కట్టడి చేసింది. అడవికి ఆ చట్టం అవసరమే. పులికీ రేచుకుక్కకూ పంది ముఖ్యమైన ఆహారం. కానీ పులులు తగ్గిన చోట అడవి అంచు పల్లెల్లో పందుల్ని అదుపు చేసేవేవీ పెద్దగా మిగల్లేదు. ఆ భారమంతా చిన్న రైతు మీద పడటం అన్యాయం.

ఇప్పుడు చేల చుట్టూ పాత చీరలు కడుతున్నారు, క్షౌరశాలల నుంచి వెంట్రుకలు తెచ్చి గట్ల మీద చల్లుతున్నారు. వేరుశనగ చుట్టూ ముళ్ల కుసుమ వరసలు వేయమని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతున్నారు. కొందరు దొంగచాటుగా కంచెకు కరెంటు పెడుతున్నారు. ఆ తీగలు తగిలి పందులతో పాటు పశువులూ మనుషులూ చనిపోతున్నారు. పులి గాండ్రింపు రికార్డు చేసి మైకుల్లో వినిపిస్తే మొదట్లో మంద బెదురుతుంది, కొన్నాళ్లకు అలవాటు పడుతుంది. అప్పుడు రైతు మళ్లీ టార్చి పట్టుకుని మంచె ఎక్కుతున్నాడు.