కోలాటం: ఊరంతా ఆడే ఆట

తెలుగువారి జానపద కళలలో రెండు పాయలు కనిపిస్తాయి. చిందు యక్షగానం, వీధి భాగవతం వంటివి ఆ విద్యను వృత్తిగా స్వీకరించినవారు ప్రదర్శించగా ఊరివారు కూర్చుని చూసేవి. కోలాటం, బతుకమ్మ, అరకు ప్రాంతపు ధింసా వంటివి ఊరివారే పాడుతూ ఆడేవి. ఈ రెండవ పాయలో ప్రేక్షకునికీ నర్తకునికీ మధ్య గీత ఉండదు. తాత, తండ్రి, మనుమడు ఒకే పాటకు అడుగు కలపగల ఈ ఆటలకు సుదీర్ఘమైన చరిత్ర ఉంది.

కాకతీయ గణపతిదేవుని గజసేనానాయకుడైన జాయప 1253-54లో ‘నృత్తరత్నావళి’ని సంస్కృతంలో రచించాడు. ఎనిమిది అధ్యాయాల ఈ గ్రంథంలో మొదటి నాలుగు మార్గ నృత్యానికి, తరువాతి నాలుగు దేశి నృత్యానికి కేటాయింపబడ్డాయి. కర్రలతో ఆడే దండరాసకం దేశి విభాగంలో చోటుచేసుకున్నది. జనం ఆడుకునే ఆటకు శాస్త్రగ్రంథంలో సగౌరవమైన స్థానం దక్కడం గమనింపదగిన విషయం. అదే శతాబ్దికి చెందినవాడుగా పలువురు భావించే పాల్కురికి సోమనాథుడు ‘పండితారాధ్య చరిత్ర’లోని పర్వత ప్రకరణంలో శివరాత్రికి శ్రీశైలం చేరిన భక్తుల ఆటపాటలను విస్తారంగా వర్ణించాడు.

విజయనగర కాలంలో ఈ సంప్రదాయం రాతిపై నిలిచింది. హంపీలోని మహానవమి దిబ్బ మీది శిల్పాలలో కోలలు పట్టి ఆడే స్త్రీలు కనిపిస్తారు. తరువాత, 1623లో, ఇటలీ యాత్రికుడు పియెత్రో దెల్లా వల్లె కన్నడదేశంలోని ఇక్కేరి పట్టణంలో బాలికలు రంగు వేసిన చిన్న కర్రలను తాళబద్ధంగా తాకిస్తూ వలయంగా ఆడడం చూశాడు. వారిలో నేర్పరియైన ఒకతె చరణం పాడగా, మిగిలినవారు ‘కోలే’ అనే మాటను పలుమార్లు పలికేవారని ఆయన వ్రాశాడు. అది సంతోషాన్ని సూచించే మాట కావచ్చునని ఆయన ఊహించాడు. కోల అంటే కర్ర అని ఎరిగిన తెలుగు పాఠకునికి ఆ మాట చిరపరిచితమే.

కోలాటపు నిర్మాణం సరళం. ఆడేవారు సరిసంఖ్యలో ఉండాలి. ప్రతివారికీ ఒక జత ఉంటుంది. జట్టు పెద్దదైతే లోపలి వలయం ఒక దిక్కుకు, వెలుపలి వలయం ఎదురు దిక్కుకు సాగుతాయి. జడ కోలాటంలో పైనుంచి వ్రేలాడే త్రాళ్లను ఆటగాళ్లు అడుగులతోనే జడగా అల్లి, తిరుగు అడుగులతో విప్పుతారు. ఒక్కరు దారి తప్పినా జడ చిక్కుపడుతుంది. కనుక ఆటను నడిపే గురువు బాధ్యత పెద్దది. ఆయన పల్లవి అందిస్తాడు, తక్కినవారు అందుకుంటారు. మద్దెల, తాళాలు తోడు నిలుస్తాయి. మొదట విలంబంగా సాగిన నడక క్రమంగా వేగం పుంజుకుంటుంది. ఒక బాలుడు తడబడితే గురువు అదే చరణాన్ని మరల పాడి, అతడు కుదురుకొనే వరకు లయను నిలిపి ఉంచగలడు. చిన్నవారూ పెద్దవారూ కలసి ఆడగలగడానికి మూలం సజీవమైన ఈ గానమే.

స్వాతంత్ర్యానంతరం జానపద నృత్యానికి జాతీయ వేదిక లభించింది. 1953లో ఢిల్లీలో గణతంత్ర దినోత్సవాల సందర్భంగా జానపద నృత్యోత్సవం ఆరంభమైంది; సంగీత నాటక అకాడమీ ప్రారంభమైనదీ ఆ జనవరి మాసంలోనే. దీనివలన మారుమూల కళలకు గుర్తింపు కలిగిన మాట వాస్తవం. అయితే వేదికకు తనదైన నియమం ఉంది. వలయాన్ని ప్రేక్షకుల వైపు తెరవాలి, రాత్రంతా సాగే ఆటను కొద్ది నిమిషాలకు కుదించాలి, ఆరితేరిన వారినే ఎంచుకోవాలి. ఆ విధంగా ఆడుకునేవారు ప్రదర్శకులైనారు. వారితో ఆడిన ఊరు ప్రేక్షకురాలైంది.

ధ్వనిముద్రిత సంగీతం రెండవ మార్పును తెచ్చింది. యంత్రం తడబడిన బాలుని కోసం ఆగదు. తెలంగాణ ప్రభుత్వం 2014లో బతుకమ్మను రాష్ట్ర పండుగగా ప్రకటించిన పిదప ఆ ఉత్సవానికి వైభవం హెచ్చింది. కానీ లౌడ్‌స్పీకర్ పాట వినిపించినచోట చప్పట్లు మిగులుతాయి, ‘ఉయ్యాలో’ అని గొంతు కలపడం తగ్గుతుంది. పాట నేర్చుకోవలసిన అవసరం లేని చోట పాట తరువాతి తరానికి అందదు.

ఈ సమస్య వలస వచ్చినవారి విషయంలో మరింత స్పష్టం. ఒకనాటి జాట్ రైతుల గ్రామమైన మునిర్కా, 1969లో జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం సమీపంలో వెలసిన తరువాత దేశం నలుమూలల విద్యార్థులకు, ఉద్యోగులకు నివాసమైంది. ఇరుకైన సందులు, అద్దె గదులు గల ఇటువంటి చోట పెరిగే తెలుగు పిల్లలకు కోలాటం పండుగనాటి వేదిక మీద కనిపించే దృశ్యంగా మిగిలిపోయే ప్రమాదం ఉంది. దీని నివారణకు పెద్ద వ్యయం అక్కరలేదు. పాడగల ఒకరు, మద్దెల వాయించే మరొకరు, పది జతల కోలలు, ఒక సాయంత్రం పాటు తెరచి ఉంచిన పాఠశాల ఆవరణ చాలు. ఉత్సవాలకు నిధులు కేటాయించే సంస్థలు ప్రదర్శక బృందాలతోపాటు పాట నేర్పే గురువులను కూడా దృష్టిలో ఉంచుకొనడం సముచితం. జాయప గ్రంథస్థం చేసిన ఆట ఇన్ని శతాబ్దాలు బ్రతికినది, ప్రతి తరంలోనూ తడబడుతూ ఆడినవారికి ఆ వలయంలో చోటు లభించినందువలననే.