హెచ్‌-1బీ లాటరీలో పేరొచ్చింది... తర్వాతేమిటి?

ఎంపికతోనే వీసా రాదు
స్టాంపు పడేవరకు ఉద్యోగం, పొలం వదులుకోవద్దు

పెన్‌పహాడ్‌: అమెరికా హెచ్‌-1బీ లాటరీలో అబ్బాయి పేరో, అమ్మాయి పేరో వచ్చిందంటే ఆ ఇంట పండుగే. పెన్‌పహాడ్‌ మండలమైనా, సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాలైనా ఆ కబురు బంధువులందరికీ చేరిపోతుంది. అయితే అప్పటికి వచ్చింది వీసా కాదు. ఉద్యోగం ఇస్తామన్న సంస్థ దరఖాస్తు చేసుకునేందుకు దొరికిన అవకాశం మాత్రమే. ఈ తేడా తెలియక ఉన్న కొలువుకు రాజీనామా చేసినా, ఎకరం పొలం బేరం పెట్టినా తర్వాత నష్టపోయేది కుటుంబమే. ఎంపిక తర్వాత ఒక్కో దశలో ఏం జరుగుతుందో, ఏం చూసుకోవాలో వివరాలివి.

ఎంపిక ఎలా?
హెచ్‌-1బీ కింద ఏటా 65 వేల మందికి, అమెరికాలో మాస్టర్స్‌ చేసిన మరో 20 వేల మందికి అవకాశం ఉంటుంది. సంస్థలు మార్చిలో అభ్యర్థుల పేర్లు ఆన్‌లైన్‌లో నమోదు చేస్తాయి. అభ్యర్థి సొంతంగా నమోదు చేసుకునే వీలు లేదు. జీతం స్థాయి ఎక్కువగా ఉన్నవారికి ఎంపికలో మొగ్గు చూపే విధానం 2026లో అమల్లోకి వచ్చింది. ఎంపికైన సమాచారం సంస్థ ఖాతాలోనే కనిపిస్తుంది. ఎంపిక పత్రం ప్రతిని అడిగి తీసుకుని పేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్టు నంబరు సరిచూసుకోవాలి.

తొంభై రోజులే కీలకం
ఎంపిక పత్రంలో దరఖాస్తు గడువు ఉంటుంది. అది కనీసం 90 రోజులు. ఆలోగా సంస్థ రెండు పనులు చేయాలి. మొదటిది, ఇవ్వబోయే జీతం, పనిచేసే చోటు తెలుపుతూ అమెరికా కార్మిక శాఖ నుంచి ఎల్‌సీఏ ధ్రువీకరణ పొందడం. రెండోది, ఐ-129 దరఖాస్తు దాఖలు చేయడం. దాఖలయ్యాక మూడు అక్షరాలు, పది అంకెలతో రసీదు నంబరు వస్తుంది. దాని సాయంతో దరఖాస్తు స్థితిని అభ్యర్థే చూసుకోవచ్చు. గడువు దాటితే ఆ ఎంపిక చెల్లదు, మరుసటి ఏడాదికి బదిలీ కాదు.

పత్రాల్లో పేరు ఒకటేనా?
* పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు, పాస్‌పోర్టులో వెనుక ఉండటం మన ప్రాంతంలో మామూలే. తేడాలుంటే సంస్థ న్యాయవాదికి ముందే చెప్పాలి.
* ప్రొవిజనల్‌తో సరిపెట్టుకోకుండా ఒరిజినల్‌ డిగ్రీ, అన్ని సంవత్సరాల మార్కుల మెమోలు సిద్ధం చేసుకోవాలి.
* మూడేళ్ల డిగ్రీ ఒక్కటే ఉంటే అమెరికా నాలుగేళ్ల డిగ్రీకి సమానమని చూపడం కష్టం. పీజీ గానీ, తగిన అనుభవ పత్రాలు గానీ జతచేయాలి.
* భార్య లేదా భర్త, 21 ఏళ్లలోపు పిల్లలు హెచ్‌-4 వీసాపై వెళ్లవచ్చు. పెళ్లి ఫొటోలు చాలవు, వివాహ ధ్రువపత్రం కావాలి.

డబ్బు ఎవరు కట్టాలి?
నమోదు రుసుము, దరఖాస్తుతో కట్టే శిక్షణ, మోసాల నివారణ రుసుములు, సంస్థ న్యాయవాది ఖర్చు సంస్థే భరించాలి. వీటిని అభ్యర్థి నుంచి రాబట్టకూడదు. ‘ఫైలింగ్‌కు ఇన్ని లక్షలు’ అని ఎవరైనా అడిగితే అనుమానించాల్సిందే.

2025 సెప్టెంబరు 21 నుంచి, అమెరికా బయట ఉన్నవారి కోసం వేసే కొత్త దరఖాస్తులకు లక్ష డాలర్ల చెల్లింపు షరతు పెట్టారు. తొలుత 12 నెలల కాలానికి దీన్ని ప్రకటించారు. అక్కడే చదువుకుంటూ దేశం విడవకుండా హెచ్‌-1బీకి మారేవారికి ఇది వర్తించదని 2025 అక్టోబరులో స్పష్టం చేశారు. హైదరాబాద్‌ నుంచో, ఊరి నుంచో వెళ్లాల్సినవారు ఈ షరతు తమకు వర్తిస్తుందా, వర్తిస్తే ఆ సొమ్ము సంస్థ కడుతుందా అన్నది రాతపూర్వకంగా తెలుసుకోవాలి.

హైదరాబాద్‌లో ఇంటర్వ్యూ
దరఖాస్తు ఆమోదం పొందితే ఐ-797 పత్రం వస్తుంది. అదనపు ఆధారాలు కోరితే గడువులోగా సంస్థ సమాధానమివ్వాలి. ఇక్కడున్నవారు ఆమోదం తర్వాత డీఎస్‌-160 నింపి, 205 డాలర్ల వీసా రుసుము కట్టి తేదీ తీసుకోవాలి. వేలిముద్రలు, ఫొటోకు ఒకసారి వీసా దరఖాస్తు కేంద్రానికి, ఇంటర్వ్యూకు మరోసారి కాన్సులేట్‌కు వెళ్లాలి. అమెరికా కాన్సులేట్‌ 2023 మార్చి నుంచి నానక్‌రాంగూడలో పనిచేస్తోంది. సూర్యాపేట నుంచి హైదరాబాద్‌కు సుమారు 135 కిలోమీటర్లు. ఉదయం ఇంటర్వ్యూ ఉంటే ముందురోజే చేరుకోవడం మేలు. కాన్సులేట్‌లోకి సెల్‌ఫోన్‌ అనుమతించరు.

చేసే పని, జీతం, పనిచేసే చోటు గురించి అడిగే ప్రశ్నలకు జవాబులు దరఖాస్తులో రాసినట్లే ఉండాలి. 2025 డిసెంబరు 15 నుంచి హెచ్‌-1బీ, హెచ్‌-4 దరఖాస్తుదారుల సామాజిక మాధ్యమ ఖాతాలనూ పరిశీలిస్తున్నారు. 221జీ చీటీ ఇస్తే తుది తిరస్కరణ అనుకోనక్కర్లేదు. అడిగిన పత్రాలు ఇచ్చి, పరిశీలన ముగిసేవరకు ఆగాలి. దానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది.

స్టాంపు పడ్డాకే...
పాస్‌పోర్టుపై వీసా ముద్ర పడి చేతికొచ్చాకే టికెట్‌, రాజీనామా, అప్పు సంగతి చూడాలి. లాటరీలో ఎంపికైనవారు అక్టోబరు 1కి ముందు ఉద్యోగంలో చేరలేరు. ఆమోద పత్రంలోని తేదీకి పది రోజుల ముందు నుంచే అమెరికాలో అడుగుపెట్టనిస్తారు. పాస్‌పోర్టు గడువు దగ్గరపడి ఉంటే అక్కడ ఉండే కాలాన్నీ ఆ తేదీకే కుదించే వీలుంది. కాబట్టి దాన్ని ముందే నవీకరించుకోవాలి. హెచ్‌-1బీ తొలుత మూడేళ్ల వరకు, సాధారణంగా మొత్తం ఆరేళ్లే వర్తిస్తుంది. లాటరీలో పేరు రావడం మొదటి మెట్టే. మిగిలిన మెట్లు ఎక్కేదాకా కొలువును, ఇంటివాళ్లు పొలాన్ని నిలుపుకోవడమే క్షేమం.